టింబలాండ్ పాటల్లో టింబలాండ్ ఎంత?

టింబలాండ్ పేరు తెలియనివాళ్లు కూడా అతను చేసిన బీట్‌కి ఎక్కడో ఒకచోట కాలు కదిపే ఉంటారు. మిస్సీ ఎలియట్ ‘గెట్ యర్ ఫ్రీక్ ఆన్’, జే-జీ ‘బిగ్ పింపిన్’, జస్టిన్ టింబర్లేక్ ‘సెక్సీబ్యాక్’, నెల్లీ ఫుర్టాడో ‘ప్రామిస్క్యువస్’. పాడినవాళ్లు నలుగురు, నాలుగు రకాల మనుషులు. వెనక కూర్చుని ఆ పాటలకి నడక ఇచ్చింది మాత్రం వర్జీనియా నుంచి వచ్చిన ఈ ఒక్కడే అంటారు. ఆ ‘ఒక్కడే’ దగ్గరే నాకు పేచీ.

నేను టింబలాండ్ అభిమానినే. గత ముప్ఫై ఏళ్లలో పాప్ పాట లయని ఇంతగా మార్చిన ప్రొడ్యూసర్లని లెక్కపెడితే ఒక చేతి వేళ్లు చాలు. కానీ అతని కెరీర్‌ని మొదట్నుంచి చివరిదాకా వరసగా వింటే ఒకటి తెలిసిపోతుంది. బాగా చేసిన ప్రతి కాలంలోనూ పక్కన ఒక గట్టి మనిషి ఉన్నారు. ఆ మనిషి లేనప్పుడు పాటలో పస తగ్గింది. అలా పక్కన ఉన్నవాళ్లకీ, ఎక్కడి నుంచో తెచ్చుకున్న స్వరాల అసలు సొంతదారులకీ పేరు ఇవ్వాల్సిన చోట అతను ఎప్పుడూ కాస్త తడబడుతూనే వచ్చాడు. ఇప్పుడు ఏఐతో గాయకురాలినే తయారు చేస్తానంటున్నాడు కాబట్టి ఈ లెక్క తేల్చుకోవాల్సిన సమయం వచ్చిందనిపిస్తోంది.

ముందు ఆ పని ఏమిటో చెప్పాలి. హిప్-హాప్‌లో ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడు కాదు. డ్రమ్స్ ఎలా పడాలి, బేస్ ఎక్కడ ఆగాలి, ఏ పాత రికార్డులో ముక్క తీసుకోవాలి, గొంతు ఎక్కడ లేవాలి, ఇవన్నీ చూసుకునేవాడు. మన సంగీత దర్శకుడికి దగ్గరి పని. తేడా ఏమిటంటే చాలాసార్లు ముందు బీట్ పుడుతుంది, దాని మీద గాయకులు మాటలూ ట్యూనూ కట్టుకుంటారు. అందుకే పాట ఎవరిది అనే తగువు అక్కడ ఎప్పుడూ పచ్చిగానే ఉంటుంది.

టింబలాండ్ అసలు పేరు టిమోతీ మోస్లీ. 1972 మార్చి 10న వర్జీనియా రాష్ట్రంలోని నార్‌ఫోక్‌లో పుట్టాడు. కుర్రాడిగా డీజే టిమ్మీ టిమ్ అనే పేరుతో రికార్డులు తిప్పేవాడు. వర్జీనియా బీచ్‌లో చదువుకునే రోజుల్లో ఒక గ్రూపులో ఉన్నాడు, అందులో మగూ అనే రాపర్, ఫారెల్ విలియమ్స్ కూడా ఉండేవాళ్లు. ఒకే ఊరి కుర్రాళ్ల గుంపులోంచి ఇద్దరు ప్రపంచ స్థాయి ప్రొడ్యూసర్లు రావడం మామూలు విషయం కాదు. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ వాళ్లు రాప్ రాజ్యం పంచుకుంటున్న రోజుల్లో వర్జీనియాని ఎవరూ పట్టించుకోలేదు. ఎవరూ పట్టించుకోని చోట పెరిగినవాడికి ఎవరిలా చేయాలన్న ఒత్తిడి కూడా ఉండదు.

టీనేజీలో ఒక రెస్టారెంటులో పని చేస్తుండగా తోటి ఉద్యోగి తుపాకీ పొరపాటున పేలి గుండు తగిలింది. కొన్ని నెలలపాటు కుడి చెయ్యి సరిగ్గా కదల్లేదు. ఆ కాలంలో ఎడమ చేత్తో డీజేయింగ్ నేర్చుకున్నాడు. కష్టం వచ్చింది కాబట్టే కళ వచ్చింది అన్న కథ నేను నమ్మను, గుండు దెబ్బ ఎవరికీ మంచి చేయదు. ఆ నరాల నొప్పి చాలా ఏళ్ల తర్వాత నొప్పి మాత్రల వ్యసనం దాకా తీసుకెళ్లిందని అతనే చెప్పుకున్నాడు.

మొదటి గట్టి మనిషి మిస్సీ ఎలియట్. పక్కనే ఉన్న పోర్ట్స్‌మత్ అమ్మాయి. జోడెసీ గ్రూపులోని డివాంటే స్వింగ్ ఆమె గ్రూపుని తన కంపెనీలోకి తీసుకుంటే, ఆమెతోపాటు టిమ్ కూడా వెళ్లాడు. టింబర్లాండ్ బూట్ల పేరు మీద ‘టింబలాండ్’ అని పిలిచింది ఆ డివాంటేనే. పేరు కూడా ఇంకొకరు పెట్టిందే అన్నమాట. అక్కడ ఒక ఇంట్లో కుర్రాళ్లందరినీ ఉంచి పాటలు చేయించేవాళ్లు. గాయకుడు జినువైన్, ప్లేయా అనే గ్రూపు, మిస్సీ, టింబలాండ్ అందరూ అక్కడే తేలారు. మిస్సీ గ్రూపు ఆల్బమ్ 1994లో అటకెక్కింది, ఏడాది తిరిగేసరికి ఆ జట్టే చెదిరిపోయింది. కానీ ఆ ఇంట్లో కుదిరిన స్నేహాలే తర్వాతి పదేళ్ల పాటలయ్యాయి.

1996 దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే అసలు సంగతి అక్కడే ఉంది.

అప్పటి ఆర్ అండ్ బీ (నల్లజాతి అమెరికన్ల పాప్ బాణీ) పాటల్లో డ్రమ్స్ చాలా మర్యాదగా ఉండేవి. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) పడాల్సిన చోట పడేది, స్నేర్ (చటుక్కున మోగే చిన్న డ్రమ్) పడాల్సిన చోట పడేది, మధ్యలో మెత్తటి కీబోర్డు నింపేసేది. టింబలాండ్ ఆ కిక్‌ని ముక్కలు చేశాడు. రెండు మూడు కిక్‌లు గబగబా పక్కపక్కనే పడతాయి, వెంటనే పెద్ద ఖాళీ. చెవి అక్కడ ఇంకో దెబ్బ కోసం చూస్తుంది, రాదు. హై-హ్యాట్ (డ్రమ్స్ పక్కనుండే తాళాల జత) మాత్రం రెట్టింపు వేగంలో పరిగెడుతుంటుంది. పాట మొత్తం మీద నెమ్మది, లోపలి లయ మాత్రం తొందర. తాళం వేస్తూ పాట వినే అలవాటున్నవాళ్లకి ఇది మరీ వింత కాదు. ఎత్తుగడ తాళం మీద పడకుండా కాస్త అటో ఇటో జరిగితే వచ్చే రుచి మనకి తెలుసు. అమెరికన్ రేడియోకి మాత్రం అది కొత్త.

ఇంకొకటి, అతని నోరు. చాలా బీట్లలో వినిపించే టిక్కులు, గురగురలు, గొణుగుళ్లు ఏ పెట్టెలోంచీ వచ్చినవి కావు, అతను నోటితో చేసినవే. జినువైన్ ‘పోనీ’లో బేస్ వాయిద్యంలా కాదు, గొంతులో త్రేన్పులా వినిపిస్తుంది. ప్రేమ పాటకి అలాంటి బేస్ పెట్టాలని ఎవడికి తోస్తుంది? పెట్టాడు, 1996లో అది పెద్ద హిట్టయింది.

అదే ఏడాది గాయని ఆలియా ‘వన్ ఇన్ ఎ మిలియన్’ ఆల్బమ్. అప్పుడామెకి పదిహేడేళ్లు. పేరు మోసిన ప్రొడ్యూసర్లు బోలెడుమంది ఉండగా పెద్దగా ఎవరికీ తెలియని ఈ ఇద్దరినీ, టింబలాండ్‌నీ మిస్సీనీ, నమ్మింది. టైటిల్ పాట వినండి. కింద డ్రమ్స్ తడబడుతూ పరిగెడుతుంటే పైన ఆమె తొందర లేకుండా, దాదాపు గుసగుసలా పాడుతుంది. గొంతు బలం చూపించే గాయని అయితే ఆ డ్రమ్స్‌తో పోట్లాటకి దిగేది, పాట గోలగా తయారయ్యేది. ఆలియా వాటితో పోటీ పడలేదు, మీద తేలింది. ఆ బీట్‌లోని ఖాళీలు అందంగా వినిపిస్తున్నాయంటే వాటిని నింపకుండా వదిలేసిన గాయని వల్లే. ‘టింబలాండ్ సౌండ్’ అని ఇప్పుడు పుస్తకాల్లోకి ఎక్కినదాంట్లో సగం ఆమెదని నేను గట్టిగా అంటాను.

ఆలియాయే పాడిన 1998 నాటి ‘ఆర్ యూ దట్ సమ్‌బడీ’లో బీట్ మధ్యలో ఒక పసిపిల్ల కేరింత వినిపిస్తుంది. అది టింబలాండ్ ఆలోచనే అనుకుందాం. మాటలూ ట్యూనూ? అవి రాసినవాళ్లలో ముఖ్యుడు ప్లేయా గ్రూపులోని స్టాటిక్ మేజర్. ‘పోనీ’లోనూ అతని చెయ్యి ఉంది, ఆలియా ‘ట్రై అగైన్’లోనూ ఉంది. 2000 జూన్‌లో ‘ట్రై అగైన్’ కేవలం రేడియో ప్రసారాల బలంతో అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి వెళ్లింది. దుకాణంలో సింగిల్ అమ్మకుండా ఒక పాట అక్కడికి చేరడం అదే మొదటిసారి. ఆ పాట తెలిసినవాళ్లలో స్టాటిక్ మేజర్ పేరు ఎంతమందికి తెలుసు? 2008లో అతను చనిపోయినప్పుడు కూడా చాలామందికి అతను ఎవరో తెలియదు.

ఇక జిమ్మీ డగ్లస్. అట్లాంటిక్ కంపెనీ స్టూడియోలో పాత తరం దగ్గర పని నేర్చుకున్న సౌండ్ ఇంజనీరు. డివాంటే రోజుల నుంచి టింబలాండ్ పక్కన ఉన్నాడు. డ్రమ్స్ అంత పొడిగా, అంత దగ్గరగా, చెవి పక్కనే కొట్టినట్టు వినిపించడంలో మిక్సింగ్ (విడివిడి చప్పుళ్లని కలిపి పాళ్లు కుదర్చడం) పాత్ర ఎంతో వినేవాడికి తెలియదు. బీట్ ఎంత గొప్పదైనా మిక్సింగ్ మందంగా ఉంటే ఆ ఖాళీలు ఖాళీలుగా వినిపించవు. బేస్ తోక పొడుగై, రీవర్బ్ (ప్రతిధ్వని) పాకి, అన్నీ పూడిపోతాయి.

2001 ఆగస్టు 25న బహామాస్‌లో విమానం కూలి ఆలియా చనిపోయింది. ఇరవై రెండేళ్లు. ఆ దెబ్బ నుంచి టింబలాండ్ తేరుకోవడానికి చాలా కాలం పట్టింది.

దానికి కొద్ది నెలల ముందే మిస్సీతో చేసిన ‘గెట్ యర్ ఫ్రీక్ ఆన్’ వచ్చింది. తుంబి అనే ఒంటితీగ వాయిద్యం మీద వాయించినట్టుండే చిన్న పంజాబీ పలుకు పాటంతా తిరుగుతూనే ఉంటుంది, కింద తబలా. భారతీయ ధ్వనిని అమెరికన్ రాప్‌లో ఇంతకన్నా బాగా వాడిన పాట నేను వినలేదు. అక్కడ భారతీయత అలంకారం కాదు, పాటకి వెన్నెముకే అది. అయినా పాటని నిలబెట్టింది మిస్సీయే. ఆమె మాటల మధ్య ఆగే తీరు, హఠాత్తుగా అరిచే తీరు, నవ్వు తీసేస్తే మిగిలేది మంచి లూప్ (తిరిగి తిరిగి మోగే ముక్క) మాత్రమే. ఆ మరుసటి ఏడాది గ్రామీ ఆమె చేతికే వెళ్లింది, అది న్యాయమే.

ఇప్పుడు అప్పుల సంగతి.

1999 చివర్లో వచ్చిన జే-జీ ఆల్బమ్‌లోని ‘బిగ్ పింపిన్’లో వేణువులా తిరిగే ఆ స్వరం ఈజిప్టుది. బలీగ్ హమ్దీ 1957లో కట్టిన ‘ఖొసారా ఖొసారా’ పాటలోది, పాడినవాడు అబ్దెల్ హలీమ్ హఫీజ్. అరబ్బు దేశాల్లో ఈ ఇద్దరి పేర్లూ తెలియని ఇల్లు ఉండదు. టింబలాండ్‌కి మాత్రం ఎవరి పేరూ లేని ఒక సీడీలో దొరికిందట. తర్వాత గొడవ రాగానే 2001లో ఒక మ్యూజిక్ కంపెనీకి లక్ష డాలర్లు చెల్లించారు. 2007లో హమ్దీ వారసుల్లో ఒకరు దావా వేశారు. 2015లో లాస్ ఏంజెలెస్‌లో విచారణ జరిగినప్పుడు టింబలాండ్ బోనులో కూర్చుని నోటితో బీట్ చేసి చూపించాడు. చివరికి, ఆర్థిక హక్కులు అప్పటికే వేరేవాళ్లకి రాసిచ్చేశారు కాబట్టి వారసుడికి దావా వేసే అర్హతే లేదని జడ్జి తేల్చింది. 2018లో పై కోర్టు కూడా అదే చెప్పింది.

రెండోది మనకి ఇంకా దగ్గరిది. 1969 నాటి ‘ఆరాధన’ సినిమాలో లతా, రఫీ పాడిన ‘బాగోం మేఁ బహార్ హై’, సంగీతం ఎస్.డి. బర్మన్. ద గేమ్ అనే రాపర్‌కి 2005లో చేసిన ‘పుట్ యూ ఆన్ ద గేమ్’లో అందులోంచి సెకను పాటి ముక్క ఉంది. సారెగమ (పాత గ్రామఫోన్ కంపెనీయే) కోర్టుకెళ్లింది. 1967లో గ్రామఫోన్ కంపెనీకీ శక్తి ఫిల్మ్స్‌కీ మధ్య రాసుకున్న ఒప్పందాన్ని చదివి, దాని ప్రకారం సారెగమకి ఆ పాట మీద కాపీరైటు లేదని 2011లో అమెరికా అప్పీళ్ల కోర్టు కొట్టేసింది.

మూడోది నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది. ఫిన్లండ్‌లో జానె సుని అనే కుర్రాడు పాత అమీగా కంప్యూటర్ మీద ‘యాసిడ్‌జాజ్డ్ ఈవెనింగ్’ అనే చిన్న ట్యూన్ చేశాడు. 2000లో అక్కడి అసెంబ్లీ అనే కంప్యూటర్ కళల పోటీలో అది బహుమతి గెలిచింది. నార్వే కుర్రాడొకడు దాన్ని కమొడోర్ 64 అనే ఇంకో పాత కంప్యూటర్‌కి మార్చాడు. ఆ చప్పుళ్లే 2006లో నెల్లీ ఫుర్టాడో ‘డూ ఇట్’లో వినిపించాయి. రెండూ పక్కపక్కన పెట్టి వింటే ఎవరికీ సందేహం రాదు. ఆ కేసు కూడా 2012లో పోయింది, అమెరికాలో రిజిస్టర్ చేయించకుండా దావా వేశారన్న కారణంతో.

మూడు కేసులూ టింబలాండ్ వైపు గెలిచాయి. ఎలా గెలిచాయో చూడండి. ఒకదాంట్లో అర్హత, ఒకదాంట్లో యాజమాన్యపు కాగితం, ఒకదాంట్లో రిజిస్ట్రేషన్. ‘ఇది నీ సొంతం’ అని తుది తీర్పుగా ఏ అప్పీళ్ల కోర్టూ చెప్పలేదు. సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్లు ఊరికే అనలేదు. నేను శాంపిలింగ్‌కి వ్యతిరేకిని కాదు. హిప్-హాప్ పుట్టిందే పాత రికార్డుల ముక్కల్లోంచి. కావాల్సినవాళ్లని నానా తిప్పలు పెట్టి, ముక్కకి ఇంత అని వసూలు చేసే కంపెనీల మీద నాకేం జాలి లేదు, ఆ డబ్బు బర్మన్ కుటుంబానికి చేరేదనీ కాదు. కానీ ఆల్బమ్ కవరు మీద ఒక పేరు అచ్చేయడానికి ఖర్చేముంది? ఫిన్లండ్ కుర్రాడి పేరు మొదటి రోజే అచ్చయి ఉంటే అతను జన్మంతా టింబలాండ్ ఫొటో గోడకి అంటించుకునేవాడు.

రెండో పెద్ద కాలం 2002లో జస్టిన్ టింబర్లేక్ ‘క్రై మీ ఎ రివర్’తో మొదలై 2007 దాకా నడిచింది. 2006 ఒక్క ఏడాదిలోనే ‘ప్రామిస్క్యువస్’, ‘సెక్సీబ్యాక్’ రెండూ హాట్ 100లో మొదటి స్థానానికి వెళ్లాయి. ఈసారి పక్కనున్న మనిషి డాంజా. వర్జీనియా కుర్రాడే, కీబోర్డు మీద గట్టివాడు. పాత టింబలాండ్ బీట్లలో లేని బరువైన సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) గోడలు ఈ పాటల్లోకి ఎక్కడి నుంచి వచ్చాయా అంటే, డాంజా సొంతంగా చేసిన పాటలు వినాలి. బ్రిట్నీ స్పియర్స్‌కి 2007లో అతను చేసిన ‘గిమ్మీ మోర్’ విని అది టింబలాండ్‌దే అనుకున్నవాళ్లు బోలెడుమంది. ఇటువైపు 2009లో టింబలాండ్ సొంత ఆల్బమ్ ‘షాక్ వేల్యూ 2’ నీరసంగా ఉంది, రాక్ గాయకుడు క్రిస్ కోర్నెల్‌తో చేసిన ‘స్క్రీమ్’ అయితే విమర్శకులు చీల్చి చెండాడారు. బీట్లు అవే, పక్కన కాదనేవాళ్లే లేరు.

ఆ తర్వాతి పదేళ్ల మీద నాకు పెద్దగా ఆసక్తి లేదు. ‘ఎంపైర్’ టీవీ సిరీస్‌కి పాటలు, మధ్యలో ఆరోగ్య సమస్యలు, అప్పుడప్పుడూ ఒక మంచి ట్రాక్. 2020లో మాత్రం లాక్‌డౌన్‌లో స్విజ్ బీట్స్ అనే ఇంకో ప్రొడ్యూసర్‌తో కలిసి ‘వెర్జుజ్’ మొదలుపెట్టాడు. ఇద్దరు ప్రొడ్యూసర్లో గాయకులో ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లో ఎదురెదురుగా తమ పాటలు వేసుకుంటూ, ఒక్కోటి ఎలా పుట్టిందో చెప్పుకోవడం. టింబలాండ్ చేసిన పనుల్లో నాకు బాగా నచ్చినవాటిలో ఇదొకటి. ఎవరు ఏ డ్రమ్ పెట్టారు, ఆ రాత్రి స్టూడియోలో ఎవరున్నారు అనే కబుర్లు లక్షలమంది కూర్చుని విన్నారు. పేర్లు బయటికొచ్చాయి. తర్వాత దాన్ని కొన్న కంపెనీ తమకి రెండు కోట్ల ఎనభై లక్షల డాలర్లు బాకీ ఉందని ఈ ఇద్దరూ 2022లో కోర్టుకెళ్లారు, ఆపైన రాజీపడ్డారు. తన వాటా కోసం కోర్టుకెళ్లడంలో తప్పులేదు. హమ్దీ వారసుడు కూడా చేసింది అదే కదా.

2024లో అతను సునో అనే ఏఐ పాటల కంపెనీకి సలహాదారుగా చేరాడు. నాలుగు మాటలు టైపు చేస్తే పాట కట్టిచ్చే సాఫ్ట్‌వేర్ అది. తమ రికార్డింగులని అనుమతి లేకుండా వాడి దానికి శిక్షణ ఇచ్చారని పెద్ద మ్యూజిక్ కంపెనీలు దాని మీద అప్పటికే దావా వేసి ఉన్నాయి. 2025 జూన్‌లో ‘స్టేజ్ జీరో’ అనే సొంత కంపెనీ పెట్టి, టాటా అనే ఏఐ గాయనిని పరిచయం చేశాడు.

దీన్ని సమర్థించేవాళ్ల వాదన నాకు తెలుసు. శాంప్లర్ వచ్చినప్పుడూ ఇలాగే గోల చేశారు, డ్రమ్ మెషిన్ వచ్చినప్పుడూ చేశారు, యంత్రం పనిముట్టు మాత్రమే. ఆ వాదనలో కొంత నిజం ఉంది. అయితే శాంప్లర్‌లోకి ఒక ముక్క ఎక్కించినప్పుడు అది ఏ రికార్డులోదో ఎక్కించినవాడికి తెలుసు. తెలియకపోయినా, కైరోలో ఎవరో విని ఇది మావాడి పాట అని గుర్తుపట్టగలరు, ఎన్నేళ్లకైనా వచ్చి తలుపు తట్టగలరు. సునో లోపల వేల పాటలు కరిగిపోయి ఉంటే ఎవరు ఎవరి తలుపు తడతారు? ఇక గాయని సంగతి. ఆలియా ఆ బీట్ మీద పోట్లాడకుండా తేలాలని తనే తేల్చుకుంది. ‘గెట్ యర్ ఫ్రీక్ ఆన్’లో ఎక్కడ అరవాలో మిస్సీకి ఎవరూ చెప్పి ఉండరు. టింబలాండ్ జీవితంలోని గొప్ప పాటలన్నీ అతను ఊహించనిది ఇంకొకరు చేసినప్పుడు పుట్టినవే. చెప్పినట్టు పాడే గొంతు అతనికి ఏనాడూ పనికి రాలేదు. తన కెరీర్‌ని తనే సరిగ్గా వినలేదేమో అనిపిస్తుంది.

స్టేజ్ జీరో ప్రకటన వచ్చిన రోజుల్లోనే ఇంకో గొడవ జరిగింది. ఒక ప్రొడ్యూసర్ చేసిన బీట్‌ని అడగకుండా సునోలోకి ఎక్కించి వాడాడని ఆరోపణ వచ్చింది. టింబలాండ్ క్షమాపణ చెప్పాడు. ఆ బీట్ మీద సదరు ప్రొడ్యూసర్ తన పేరు పలికించి ఉంచాడు కాబట్టి అది ఎవరిదో బయటపడింది. చాలామంది ప్రొడ్యూసర్లు అలా పేరు ముద్ర వేసే పెడతారు, పాతికేళ్లుగా టింబలాండ్ కూడా తన పాటల మొదట్లో గొణుగుతూ చేస్తున్నది అదే.